ఊదితేనే స్టార్ట్ అయ్యే బండి: తాగి నడుపుడు నిజంగ ఆగుతదా?

పోయిన పెండ్లిల్ల సీజన్ల మా బావ వరంగల్‌ల హంటర్ రోడ్డు మీద దొరికిండు. ఫంక్షన్ హాల్ల దావత్ అయ్యి బయటికొచ్చి కారు తీసి అర కిలోమీటరు గూడ పోలేదు, ముంగట బారికేడ్లు, టార్చిలైటు, మిషన్ల ఊదుమన్నరు, ఊదిండు, కౌంట్ 142 వచ్చింది, 30 దాటితేనే కేసు. కారు అక్కడ్నే పెట్టుకున్నరు, మనిషి ఆటోల ఇంటికొచ్చిండు. తర్వాత కౌన్సెలింగ్ అంటే అక్కను తీస్కపోయిండు, కోర్టుకు పోయి ఫైన్ కట్టిండు, ఇగ జన్మల తాగి స్టీరింగ్ పట్ట అని ఒట్టు గూడ పెట్టుకున్నడు. ఆ ఒట్టు మూడు వారాలు నిలబడ్డది. నాలుగో వారం పరకాల దిక్కు ఎవలదో తొట్లె ఫంక్షన్ నుంచి మళ్ల అట్లనే నడుపుకుంట వచ్చిండు, ఈసారి దొరకలే అంతే. ఆ తెల్లారి నుంచి అక్క కారు తాళంచెవి బియ్యం డబ్బాల దాచుడు మొదలుపెట్టింది, నాకు ఫోన్ చేసి "నువ్వు ఇంజనీరింగ్ల ఏదో చేసినవ్ గదరా, తాగితే బండి స్టార్ట్ కాకుండ, అది మీ బావ కారుకు పెట్టరాదు" అన్నది.

ఆ ప్రాజెక్ట్ సంగతి చెప్తే నవ్వుతరు. మన దిక్కు ఈసీఈ చదివినోళ్లను ఎవలనన్న అడుగుండ్రి, వాళ్లు చెయ్యకపోతే పక్క బెంచోడన్న చేసుంటడు: మందు ఆవిరి పసిగట్టే ఎంక్యూ-3 సెన్సార్ ఒకటి, చిన్న కంప్యూటర్ అసొంటి ఆర్డుయినో బోర్డు ఒకటి, కరెంటు తెంపే రిలే ఒకటి, ఒక బజర్, ఇంజిన్‌కు బదులు చిన్న డీసీ మోటర్. స్పిరిట్‌ల ముంచిన దూదిని సెన్సార్ ముంగట పెడ్తే మోటర్ ఆగిపోతది, బజర్ మోగుతది, ప్రాజెక్ట్ సక్సెస్. మా వైవా రోజు ఏమైందంటే ఎక్స్‌టర్నల్ సార్ చూద్దామని వంగంగనే బజర్ మొత్తుకున్నది, సార్ మందు తాగి రాలే పాపం, ఆఫ్టర్ షేవ్ కొట్టుకోని వచ్చిండు. మార్కులైతే ఏసిండు గానీ మొఖం మాత్రం అదోలా పెట్టిండు.

అక్క అడిగింది గదా అని కూసోని చదువుడు మొదలుపెట్టిన, చదివేకొద్దీ అర్థమైంది ఏందంటే ఇది సెన్సార్ సమస్య కానే కాదు. సెన్సార్ సంగతి ఎప్పుడో తేలిపోయింది. తేలంది మనిషి సంగతి.

అయినా ముందుగాల మిషన్ గురించి జర చెప్పాలె. మేం వాడిన ఎంక్యూ-3 లోపట టిన్ ఆక్సైడ్ పొర ఉంటది, దాన్ని వేడిచేసి పెడ్తే ఏదన్న ఆవిరి తగిలినప్పుడు దాంట్ల కరెంటు పోయే తీరు మారుతది. ఏదన్న ఆవిరి అన్న చూడుండ్రి, లొల్లి అక్కడ్నే ఉంది, ఆల్కహాల్ ఒక్కటే గాకుండ వేరే ఆవిర్లకు గూడ అది స్పందిస్తది, గాలిల తేమ పెరిగినా రీడింగ్ అటిటు అయితది. అమెరికాల, యూరప్‌ల బండ్లకు పెట్టే అసలు మిషన్లల్ల ఫ్యూయల్ సెల్ ఉంటది. ప్లాటినం ఎలక్ట్రోడ్ల మీదికి మన ఊపిరి పోతే దాంట్ల ఉన్న ఇథనాల్ ఆక్సిడైజ్ అయ్యి అసిటిక్ ఆసిడ్ అయితది, అదే వెనిగర్‌ల ఉండేది, అట్ల మారేటప్పుడు సన్నగ కరెంటు పుడ్తది, ఎంత మందు ఉంటే అంత కరెంటు. దాన్ని లెక్కగట్టి రక్తంల ఎంతుందో అంచనా ఏస్తరు. సిగరెట్ పొగకు, పెట్రోల్ వాసనకు ఇది ఆగమాగం కాదు. మౌత్‌వాష్‌కు మాత్రం దొరుకుతది, ఎందుకంటే చాన మౌత్‌వాష్‌లల్ల నిజంగనే ఆల్కహాల్ ఉంటది, అందుకే నోరు నీళ్లతోని పుక్కిలించి కొన్ని నిమిషాలు ఆగి మళ్ల ఊదుమంటరు.

దీన్ని ఇంగ్లీషుల ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ అంటరు, యూరప్‌ల ఆల్కోలాక్ అంటరు, నేను ఊదుడు తాళం అంట. కొత్తదేం కాదు, బోర్గ్ వార్నర్ కంపెనీ 1969లనే ఒక తీరుది తయారుచేసింది. కాలిఫోర్నియాల 1986ల చట్టం చేసి పైలట్‌గ మొదలుపెట్టిండ్రు, 1992ల అమెరికా రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ ఈ మిషన్లు ఎట్లుండాలె అని ప్రమాణాలు రాసింది. తాగి దొరికినోనికి కోర్టు లేకపోతే లైసెన్స్ ఆఫీసు ఆర్డర్ ఏస్తది, వాడు సొంత పైసలతోని, నెలకు సుమారు 70 నుంచి 100 డాలర్లు కిరాయి కట్టి కారుకు పెట్టిచ్చుకోవాలె. తాళంచెవి తిప్పంగనే మిషన్ ఊదుమంటది, 100 మిల్లీలీటర్ల రక్తంల 20 మిల్లీగ్రాముల కాడికి వస్తే చాన రాష్ట్రాలల్ల బండి స్టార్ట్ కాదు. మా బావది 142 అని గుర్తుంది గదా.

ఇక్కడ అందరూ అడిగే మాట ఒకటుంది, పక్కోనితోని ఊదిపిస్తే అయిపాయె గదా అని. పాత మిషన్లకు అయితుండె. ఇప్పటియాట్ల ఊదుడు గూడ ఒక పద్ధతిల ఊదాలె, కొన్నిట్ల ఊదుకుంట గొంతుతోని హమ్ అనాలె, కొన్నిట్ల ఊది మళ్ల పీల్చాలె, అలవాటు లేనోనికి ఒక్కసారికి రాదు. కెమెరా ఉన్నయి గూడ ఉన్నయి. అన్నిటికంటే పెద్దది, బండి నడుస్తున్నప్పుడు నడుమ నడుమ మళ్ల ఊదుమంటది, ఊది పెట్టిన దోస్తు రోడ్డు మీదికి రాడు గదా. అప్పుడు ఊదకపోయినా, మందు ఉన్నట్టు వచ్చినా రోడ్డు మధ్యల ఇంజిన్ బంద్ అయితది అని చానమంది అనుకుంటరు, అట్ల చేస్తే ఎన్కనుంచి లారీ వచ్చి గుద్దుతది. ఇంజిన్ ఆగదు, హారన్ మోగుడు, లైట్లు కొట్టుకునుడు, లేకపోతే మిషన్ల ఉల్లంఘన అని రాసుకునుడు, అంతే. ప్రతి ఊదుడు టైంతోని సహా లోపట రికార్డ్ అయితది. ఆ రికార్డు సంగతి యాదిపెట్టుకోండ్రి, ఎన్కకు దానితోనే పని ఉంది.

ఇగ ఇది పని చేస్తదా లేదా అనే కాడికి వద్దాం. చాన చోట్ల ఒకటే అంకె కనబడ్తది, 67 శాతం. 2011ల 15 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష నుంచి వచ్చింది అది, తాళం పెట్టిచ్చుకున్నోళ్లల్ల, ఆ తాళం ఉన్నన్ని రోజులు, మళ్ల తాగి దొరుకుడు మిగతావాళ్లతోని పోలిస్తే 67 శాతం తక్కువ, అది గూడ మధ్యస్థ విలువ, అంటే 15ట్ల కొన్నిట్ల ఎక్కువ, కొన్నిట్ల తక్కువ. చూస్తే మస్తు అనిపిస్తది. కానీ రెండు మాటలు పట్టి చూడాలె. ఒకటి, "మళ్ల దొరుకుడు" తగ్గింది అన్నరు, "తాగుడు" తగ్గింది అనలే. రెండోది, "తాళం ఉన్నన్ని రోజులు".

దానికంటే ముందు ఇంకో అనుమానం రావాలె మీకు, రాకపోతే నేనే పెడ్త. ఆర్డర్ ఏసినా పెట్టిచ్చుకోనోళ్లు బొచ్చెడు మంది, పైసలు కట్టి మరీ పెట్టిచ్చుకున్నోడు ముందుగాలనే జర బుద్ధిమంతుడై ఉండొచ్చు గదా? ఇంట్ల భార్య పట్టుబట్టి పెట్టిచ్చి ఉండొచ్చు, ఉద్యోగం పోతదని భయం ఉండొచ్చు. అసొంటోన్ని, అసలు లెక్కచెయ్యనోన్ని పక్కపక్కన పెట్టి చూడు మిషన్ పనిచేసింది అంటే ఎట్లైతది. ట్యూషన్‌కు పోయిన పిల్లలకు మార్కులు ఎక్కువొచ్చినయ్ అంటే ట్యూషన్ వల్లనా, ట్యూషన్‌కు పంపే తల్లిదండ్రుల వల్లనా అన్నట్టు. ఈ చిక్కు విప్పాల్నంటే చీటీలు తియ్యాలె. ఎవలికి తాళం, ఎవలికి మామూలు శిక్ష అనేది వాళ్ల ఇష్టానికి వదలకుండ లాటరీల తేల్చాలె.

మేరీలాండ్ రాష్ట్రంల అదే చేసిండ్రు. ఒకటి కంటే ఎక్కువసార్లు తాగి దొరికి, లైసెన్స్ వాపస్ రావాల్సిన 1,387 మందిని లాటరీ పద్ధతిల రెండు గుంపులు చేసిండ్రు, ఫలితాలు 1999ల అచ్చయినయ్. మొదటి ఏడాదిల మామూలు గుంపుల 6.7 శాతం మంది మళ్ల తాగి నడిపి దొరికితే తాళం గుంపుల 2.4 శాతమే. అంటే సుమారు మూడింట రెండొంతులు తగ్గింది, 67 శాతం అనే అంకె గాలిల నుంచి రాలేదని దీంతోని తేలింది. బుద్ధిమంతుల లెక్క కాదు, మిషన్ లెక్కనే. సరే. కానీ ఏడాది అయినంక తాళం తీసేసిండ్రు, ఆ తర్వాత చూస్తే రెండు గుంపులకు తేడా లేదు. 15 అధ్యయనాల సమీక్షల గూడ అదే కథ, తీసేసినంక మళ్ల ఎప్పటోలెనే.

నాకైతే ఇది చదివినప్పుడు మిషన్ మీద కోపం రాలే. ఇంటికి తాళం ఏస్తే దొంగ లోపటికి రాడు, తాళం తీస్తే వస్తడు, దానికి తాళాన్ని ఏమంటం, దొంగతనం మానిపిస్త అని తాళం ఎప్పుడన్న మాటిచ్చిందా. కానీ తాళం మీద పైసలు పెట్టే సర్కార్లు మాత్రం అది మందు మాన్పిస్తది అన్నట్టే మాట్లాడ్తయి, లొల్లి అక్కడ.

ఇంకో మలుపు ఉంది. అదే మేరీలాండ్‌ల తర్వాత ఇంకో పెద్ద ప్రయోగం చేసిండ్రు, 1,927 మంది, ఈసారి ఏడాది కాదు రెండేండ్లు తాళం. 2011ల వచ్చిన ఫలితాల ప్రకారం తాళం ఉన్న రెండేండ్లల్ల మందుతోని ముడిపడ్డ ట్రాఫిక్ ఉల్లంఘనలు 36 శాతం తగ్గినయ్, అంటే మొదటిదాని కంటే తక్కువనే, కానీ తీసేసిన తర్వాత రెండేండ్లల్ల గూడ 26 శాతం తక్కువ ఉన్నది. పోయిన అలవాటు అంతా ఒక్కసారిగ వాపస్ రాలే. ఎందుకు అనేది ఎవలూ గట్టిగ చెప్పలేరు, రెండేండ్లు ఊదుకుంట బతికితే మనిషి ఇంటికాన్నే తాగుడు, లేకపోతే దావత్‌కు ఆటోల పోవుడు అలవాటు చేసుకుంటడేమో అని నా అనుమానం.

ఫ్లోరిడాల ఇంకో దారి పట్టిండ్రు, నాకు అన్నిట్ల నచ్చింది ఇదే. తాళం ఉన్నోడు మూడుసార్లు ఉల్లంఘన చేసిండంటే, అంటే తాగి ఊది దొరికిండంటే, వాన్ని జైలుకు పంపలే, డీఅడిక్షన్ చికిత్సకు పంపిండ్రు. అట్ల చికిత్సకు పోయినోళ్లు, పోని అసొంటోళ్లతోని పోలిస్తే తాళం తీసినంక గూడ 32 శాతం తక్కువ దొరికిండ్రు. ఇప్పుడు ఆ రికార్డు సంగతికి వద్దాం, యాదిపెట్టుకోమన్న గదా. కెనడాల ఆల్బర్టా రాష్ట్రంల మిషన్లల్ల రాసుకున్న లక్షల ఊదుళ్లను కూసోని చూసిండ్రు, ఎవడు తాళం తీసినంక మళ్ల దొరుకుతడో ముందే చెప్పొచ్చా అని. చెప్పొచ్చు అని తేలింది. శుక్రవారం రాత్రి ఫెయిల్ అయినోళ్ల గురించి కాదు మరీ భయపడాల్సింది, మామూలు పనిరోజు పొద్దుగాల ఏడెనిమిది గంటలకు డ్యూటీకి పోదామని తాళంచెవి తిప్పి ఊది ఫెయిల్ అయ్యేటోని గురించి. ఎందుకంటే పొద్దుగాల గూడ రక్తంల మందు ఉందంటే ముందురోజు రాత్రి వాడు ఎంత తాగి ఉండాలె?

లెక్క ఏసి చూడుండ్రి. మనిషి ఒంట్ల నుంచి మందు గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున దిగుతది, అది గూడ మనిషి మనిషికి తేడా, సల్లటి నీళ్లు పోసుకున్నా, నిమ్మకాయ నీళ్లు తాగినా, మజ్జిగ తాగినా ఆ స్పీడు పెరగదు. రాత్రి పదకొండుకు 142 ఉన్న మా బావ 30కి దిగాల్నంటే పొద్దుగాల ఆరున్నర అయితది, పూర్తిగ సున్నా కావాల్నంటే ఎనిమిదిన్నర అయితది. మన దగ్గర తాగి పడుకోని ఐదున్నరకు లేచి స్నానం చేసి పిల్లలను బడికి దింపేటోడు ఒక్కడన్న "నేను తాగి నడుపుతున్న" అనుకుంటడా? అనుకోడు, రాత్రిది రాత్రికే పోయింది అనుకుంటడు.

ఇగ ఎక్కువ కాలం నుంచి నడుస్తున్న తలనొప్పి ఏందంటే అసలు పెట్టిచ్చుకునేటోళ్లే తక్కువ. వాషింగ్టన్ రాష్ట్రంల 2004ల చట్టం మార్చి మొదటిసారి దొరికిన వాళ్లందరికీ గూడ తాళం ఆర్డర్ ఏసుడు మొదలుపెట్టిండ్రు. ఆర్డర్ అయితే అందరికీ, నిజంగ పెట్టిచ్చుకున్నది సుమారు మూడింట ఒకవంతే. అయినా మొదటిసారి దొరికినోళ్లల్ల మళ్ల దొరుకుడు 12 శాతం తగ్గింది. 67 ఎక్కడ, 12 ఎక్కడ? ఒకటి పెట్టిచ్చుకున్నోళ్ల మీద లెక్క, ఇంకోటి చట్టం కిందికి వచ్చిన వాళ్లందరి మీద లెక్క, రెండూ నిజమే. మిగతా రెండొంతులు ఏమైండ్రు అంటే, చానమంది "నాకు కారే లేదు సార్" అన్నరు. న్యూ మెక్సికోల గూడ ఇదే మాట, మొదటిసారి దొరికిన వాళ్లందరికీ తాళం తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం అది, 2005ల. కారు లేదంటే ఏం చేస్తం అని చాన కోర్టులు చేతులెత్తేస్తే, అక్కడ సాంటా ఫే దిక్కు కోర్టు ఒక ఉపాయం చేసింది: కారు లేదా, సరే, అయితే కాలికి ఎలక్ట్రానిక్ పట్టీ ఏసుకోని ఇంట్ల కూసో అన్నది. చిత్రంగ మస్తుమందికి కార్లు దొరికినయ్.

రాష్ట్రాల స్థాయిల చట్టం వల్ల చావులు తగ్గినయా అనేది ఇంకో లెక్క, ఇక్కడ అంకెలు చూస్తే తల తిరుగుతది. 2016ల వచ్చిన ఒక అధ్యయనం, అందరికీ తాళం తప్పనిసరి చేసిన రాష్ట్రాలల్ల మందుతోని ముడిపడ్డ రోడ్డు చావులు 15 శాతం తక్కువ అన్నది. 2017ల ఇంకోటి వచ్చి, ప్రాణాలు పోయిన యాక్సిడెంట్లల్ల పరిమితి దాటి తాగిన డ్రైవర్లు 7 శాతం తగ్గిండ్రు అన్నది. 2021ల ఇంకోటి వచ్చి 26 శాతం అన్నది, అదే అధ్యయనంల మళ్ల మళ్ల దొరికినోళ్లకే తాళం అనే చట్టమైతే తగ్గింది 9 శాతమే. ఇదేంది 7, 15, 26, ఎవలు అబద్ధం చెప్తున్నరు అంటే ఎవలూ కాదు. మా వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఒకటే పత్తి కుప్పను ఒకడు తేమ చూస్తడు, ఒకడు పింజ పొడువు చూస్తడు, ఒకడు తూకమే చూస్తడు, ముగ్గురు మూడు రేట్లు చెప్తరు. ఒకరు చనిపోయినోళ్లను లెక్కపెట్టిండ్రు, ఒకరు డ్రైవర్లను లెక్కపెట్టిండ్రు, ఒకరు అసలు చట్టమే లేని రోజులతోని పోల్చిండ్రు, ఇంకొకరు అరకొర చట్టం ఉన్న రాష్ట్రాలతోని పోల్చిండ్రు. పైనుంచి చట్టం తెచ్చిన రాష్ట్రం అదొక్కటే తేదు, అదే టైంల చెకింగులు పెంచుతది, వేరే చట్టాలు మారుస్తది, పరిశోధకులు వాటిని తీసేసి లెక్కగట్టాలని చూస్తరు గానీ అంతా విడదీసుడు కష్టం. నేను పట్టుకునేది ఒక్క 26కు, 9కి నడుమ తేడా. ఒకటే అధ్యయనం, ఒకటే కొలబద్ద, మొదటిసారికే తాళం అంటే అంత తేడా వచ్చింది. మొదటిసారి దొరికిండంటే అది తాగి నడిపిన మొదటిసారి అనుకునుడు మన అమాయకత్వం, మా బావ హంటర్ రోడ్డు మీద దొరికేకంటే ముందు ఎన్నిసార్లు అట్ల వచ్చిండో అక్కకు తెలుసు.

తాళం వల్ల ఒక ఎదురుదెబ్బ గూడ ఉంది, దీన్ని చాన తక్కువమంది చెప్తరు. లైసెన్స్ గుంజుకుంటే మనిషి భయానికన్న జర తక్కువ నడుపుతడు, తాళం పెట్టి లైసెన్స్ ఇస్తే రోజూ నడుపుతడు. కాలిఫోర్నియాల చూస్తే తాళం పెట్టుకున్నోళ్లకు మొత్తం యాక్సిడెంట్లు, అంటే మందుతోని సంబంధం లేనియి గూడ కలిపి, ఎక్కువనే అయినయ్. మందు యాక్సిడెంట్లు కాదు, మామూలు గుద్దుకునుడు. ఎక్కువ తిరిగితే ఎక్కువ తగులుతయి, అంతే సంగతి. లైసెన్స్ రద్దు చేసినా చానమంది లైసెన్స్ లేకుండనే నడుపుతరు కాబట్టి అట్ల దొంగతనంగ నడిపేకంటే ఊది నడుపుడు నయం అనేది వాదన, నాకు గూడ అదే సబబు అనిపిస్తది.

ఇగ మన ఊరికి వద్దాం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం మన దగ్గర పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంల 30 మిల్లీగ్రాములు. అమెరికాల చాన రాష్ట్రాలల్ల 80, యూటాల ఒక్క కాడ 50. అంటే కాగితం మీద మనమే గట్టిగున్నం. 2019 సవరణ తర్వాత మొదటిసారికి 10,000 ఫైన్, లేకపోతే 6 నెలల దాకా జైలు, లేకపోతే రెండూ, రెండోసారి 15,000 ఫైన్, 2 ఏండ్ల దాకా జైలు. కాగితానికి ఏం తక్కువ లేదు. సుప్రీంకోర్టు 2016 డిసెంబర్ల హైవేలకు 500 మీటర్ల లోపట వైన్స్ ఉండొద్దు అన్నది గూడ కాగితమే, అవి లోపటి రోడ్లకు జరిగినయి, తాగేటోడు గూడ బండేసుకోని లోపటికి జరిగిండు.

ఊదుడు తాళం మన దగ్గరికి తెస్తే మొదలు తగిలే గోడ ఏందంటే టూవీలర్. దేశంల 2022ల రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే దాంట్ల సుమారు 44 శాతం బండి మీద పోయినోళ్లే. కారుకు పెట్టే మిషన్ డాష్‌బోర్డు కింద ఎండకు వానకు తగలకుండ ఉంటది, స్ప్లెండర్‌కు ఎక్కడ పెడ్తం, పెట్టినా కిక్ కొట్టి స్టార్ట్ చేసే బండికి ఏ వైరు తెంపుతం, మెకానిక్ దగ్గరికి పోతే పది నిమిషాలల్ల బైపాస్ చేసిస్తడు, చాయ్ పైసలు గూడ ఎక్కువ తీసుకోడు. బండి విలువ ఎనభై వేలైతే మిషన్ కిరాయి అమెరికా లెక్కల నెలకు ఆరు వేల పైననే. పైనుంచి అసలు చిక్కు ఇది: తాళం బండికి ఏస్తరు, తాగేది మనిషి. మా బావకు ఒక కారు, ఒక బండి, తమ్ముని బండి, పక్కింటోళ్ల స్కూటీ, నాలుగు ఉన్నయి చేతిల. అక్కడ లైసెన్స్ మీదనే రాస్తరు వీడు తాళం ఉన్న బండే నడపాలె అని, వేరే బండి నడుపుతూ దొరికితే అది ఇంకో కేసు. మన దిక్కు లైసెన్సే లేకుండ ఊర్లల్ల నడిపేటోళ్లు ఎంతమందో లెక్కపెట్టుకోండ్రి.

ఇంకో సంగతి, మన దిక్కే ప్రత్యేకం. మిషన్ పట్టేది ఇథనాల్‌ను ఒక్కదాన్నే. కల్లు తాగితే మిషన్ల రాదు అని దావత్‌లల్ల పెద్ద మనుషులు గూడ చెప్తరు, అది ఉత్తమాట, కల్లుల ఉన్నది గూడ ఇథనాలే, సీసాల తక్కువుంటది, ముంతలు ఎక్కువైతే కౌంట్ అదే వస్తది. కానీ మత్తు కోసం అల్ప్రాజోలం, డైజిపామ్ అసొంటి మందులు కలిపిన కల్తీకల్లు ఉంటది చూడుండ్రి, మన జిల్లాలల్ల దానికి అలవాటు పడి, అది దొరకని రోజు ఫిట్స్ వచ్చి దవాఖానకు పోయినోళ్లు ఉన్నరు, ఆ మత్తును ఏ ఊదుడు మిషన్ గూడ పట్టదు. కౌంట్ తక్కువొస్తది, మనిషి మాత్రం స్టీరింగ్ మీద తూగుతుంటడు.

అయితే ఇది మనకు పనికిరాదా అంటే అట్ల గాదు, వేరే దిక్కు చూడాలె. ఫ్రాన్స్‌ల 2015 సెప్టెంబర్ నుంచి కోచ్ బస్సులన్నిట్ల (సిటీ బస్సులు కాదు) ఊదుడు తాళం తప్పనిసరి, పిల్లల బస్సులకు ఇంకా ముందే మొదలైంది. ఫిన్లండ్‌ల గూడ బడి పిల్లలను తీస్కపోయే బండ్లకు ఉంది. 2022 జూలై నుంచి యూరప్‌ల కొత్తగ వచ్చే మోడళ్లు రేపు ఎప్పుడన్న తాళం పెట్టాల్నంటే అలకగ పెట్టేటట్టు తయారుచెయ్యాలె అని నియమం. అమెరికా 2021ల చేసిన చట్టం ఇంకో అడుగు ముందుకేసి, ఊదకుండనే డ్రైవర్ తాగిండా లేదా కారే కనిపెట్టే టెక్నాలజీకి ప్రమాణాలు రాయమన్నది. అది ఎప్పటికి వస్తదో గానీ బస్సు లెక్క మాత్రం మనకు రేపటికే సరిపోతది. బస్సుకు యజమాని ఉంటడు, డ్రైవర్‌కు వేరే బండి తీసుకునే అవకాశం ఉండదు, లోపట ముప్పై మంది ఉంటరు కాబట్టి మిషన్ ఖర్చు మనిషి లెక్కన చూస్తే ఏం కాదు. ఆర్టీసీ డిపోలల్ల డ్యూటీ ఎక్కే ముందు డ్రైవర్లను ఊదిస్తనే ఉన్నరు, అది మనిషి పట్టుకునే తాళం. ప్రైవేట్ బడి బస్సులకు, ములుగు దిక్కు నుంచి రాత్రంత నడిచే ఇసుక లారీలకు, మేడారం జాతర టైంల ఊర్లల్ల నుంచి మాట్లాడుకోని పోయే కిరాయి బండ్లకు అది గూడ లేదు. పొద్దుగాల ఏడు గంటల ఊదుడు అన్నిటికంటే ఎక్కువ చెప్తది అని ఆల్బర్టా లెక్క చెప్పింది గదా, బడి బస్సు స్టార్ట్ అయ్యేది సరిగ్గ ఆ టైంకే.

ఇదంత అక్కకు ఫోన్ల చెప్పిన, సగం సగమే విన్నది, పొయ్యి మీద కూర ఉన్నట్టుంది. 67 శాతం అన్నప్పుడు ఊ అన్నది, తీసేసినంక మళ్ల మామూలే అన్నప్పుడు "మరి గదే గదా నేను చెప్పేది" అన్నది, నాలుగు బండ్ల సంగతి చెప్పంగనే పక్కింటోళ్లకు గూడ చెప్పిపెట్టింది స్కూటీ ఇయ్యొద్దని. బావతోని నేను డాక్టర్ సంగతి ఎత్తిన, "నేనేమన్న తాగుబోతునారా బామ్మర్ది" అన్నడు, ఇంకా నడుస్తున్నది ఆ ముచ్చట.

మొన్న జనగామల పెండ్లికి బావ 800 పెట్టి డ్రైవర్‌ను మాట్లాడుకోని పోయిండు, రాత్రి పన్నెండింటికి వచ్చి పడుకున్నడు. పొద్దుగాల ఆరింటికి లేచి స్నానం చేసి, అంగీ ఇస్త్రీ చేసుకోని, చిన్నోన్ని ట్యూషన్‌ల దింపొస్త తాళంచెవి తే అన్నడు. అక్క గడియారం దిక్కు చూసి ఏళ్ల మీద లెక్కపెట్టి, "పది కానీ" అన్నది. చిన్నోడు ఆటోల పోయిండు.